కుళ్లాయమ్మ ఇంటి తోడు

మా ఓబులేసు మూడు రోజులుగా సరిగ్గా అన్నం తినలేదు. పలకరిస్తే కసురుకుంటున్నాడు. మఠం కంప్యూటర్‌కి వైరస్ పట్టింది.

ఈమాత్రానికేనా అనుకోకండి. ఆ పెట్టెలో రెండు వందల పద్నాలుగు తత్వాలున్నాయి. ఆదోని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి, ముసలివాళ్ల ముందు కూర్చుని, వాళ్లు పాడుతుంటే వీడు టైపు చేసినవి. మూడేళ్ల పని. అందులో ముప్పై నాగమ్మవ్వ పాడినవి. అవి ఆమెకు తప్ప ఇంకెవరికీ రావు. అవ్వ మొన్న శివరాత్రికి ముందు పోయింది.

"ఒక నోటుబుక్కులో కూడా రాసిపెట్టరాదా నాయనా" అని మా గురువు సుంకన్నస్వామి అప్పట్లోనే అన్నారు. "కాగితాల కాలం పోయింది స్వామీ" అని నవ్వేశాడు ఈ మహానుభావుడు.

నేను మఠంలో పూలతోట చూసుకునేవాణ్ణి. కంప్యూటర్ గురించి నాకు తెలిసింది సున్నా. వాడు విసుక్కుంటూ చెప్పినదాన్నిబట్టి నాకర్థమైంది ఇది: ఆ వైరస్ ప్రోగ్రాముల్లో దూరి కూర్చుంటుంది. ఒక ప్రోగ్రాము తెరిస్తే చాలు, దాంట్లోంచి ఇంకో దాంట్లోకి ఎక్కుతుంది. తత్వాలు టైపు చేసే ప్రోగ్రాము దానివల్లే చెడిపోయి తెరుచుకోవడం లేదు. అది తెరుచుకోకపోతే తత్వాలు కనబడవు.

"తీసేసి కొత్తది పెట్టుకోరా మరి" అన్నాను.

"నాలుగుసార్లు పెట్టినా! పూట గడిస్తే మళ్లీ అంతే!" అని జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి చూపించాడు. అన్ని ప్రోగ్రాములూ, వైరస్‌ని చంపే మందుతో సహా అందులోనే ఉన్నాయట. బడిలో కంప్యూటర్ మొరాయించినా, ప్రెస్సులో మొరాయించినా, దాంతోనే బాగుచేసి కాలరెగరేసుకుని వస్తుంటాడు.

"పోనీ ఆ ఖాజాని అడగరాదా?" అన్నాను.

నా మీద అంతెత్తున లేచాడు. బజారులో కంప్యూటర్ సెంటర్ పెట్టుకున్న ఖాజా నిదానస్తుడు, పని తెలిసినవాడు. ఒకసారి వీడికి ఏదో చెప్పబోతే, "నీ దగ్గర నేర్చుకునే గతి నాకింకా పట్టలేదు" అని నలుగురి ముందు అనేశాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పోతాడు?

నాలుగో రోజు మధ్యాహ్నం స్వామి దగ్గరికొచ్చి కూలబడ్డాడు.

"పెట్టె మొత్తం తుడిచేయాల్సిందే స్వామీ. పాటలకు కూడా అంటుకునే ఉంటుంది. కాపీ తీస్తే రోగం కూడా వెంటే వస్తుంది. అవ్వ పాటలు పోయినట్లే."

ఎనభై ఏళ్ల స్వామి వాడి వీపు మీద చెయ్యేసి, "ముందు అన్నానికి రా" అన్నారు.

ఆ రోజు కూడా అదే పెరుగు. వారం రోజులుగా మా పెరుగు జిగటగా తీగలు సాగుతోంది. వంట చేసే ఈరమ్మ మొహం మాడ్చుకుని వడ్డిస్తోంది.

"గిన్నె చింతపండు పెట్టి తోమినా స్వామీ. పాలు మార్చినా, వేరే బర్రెవి. చోటు కూడా మార్చినా. ఏం చేసినా ఇంతే. నా చేతిలోనే ఏదో ఉంది."

"తోడు యాడిది?" అన్నారు స్వామి.

"యాడిదేమి? నిన్నటి పెరుగులోదే కదా, ఒక స్పూను."

స్వామి చెయ్యి కడుక్కున్నారు. చిన్న గిన్నె తీసుకుని, కర్ర పట్టుకుని ఎండలోకి నడిచారు. మేమందరం కంచాల ముందు నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం. రోడ్డు దాటి, ఎదురింటి కుళ్లాయమ్మ గుమ్మం ముందు నిలబడ్డారు. ఆ ఇంట్లోకి మా స్వామి ఎన్నడూ ఏమీ అడగడానికి పోలేదు.

"అమ్మా, రవ్వంత తోడు పెడతావా?"

కుళ్లాయమ్మ కంగారుపడిపోయింది. "అయ్యో స్వామీ! ఒక కేకేస్తే నేనే తెచ్చిస్తును కదా!"

"కావలసింది నాకు కదమ్మా" అన్నారు స్వామి.

తిరిగొచ్చి ఆ గిన్నె ఈరమ్మ చేతికిచ్చారు. "పాత పెరుగు చుక్క కూడా ఉంచొద్దు. గిన్నె, గరిటె, స్పూను మసిలే నీళ్లలో వెయ్యి. ఆ తర్వాతే ఇది."

ఈరమ్మ పొయ్యి వైపు చూసింది. "మరి పొద్దున కాచిన పాలున్నాయి. అవి కూడా పారబోసేదా?"

"పాలేం చేసినాయి తల్లీ?"

అంతే. ఓబులేసు అన్నం కలుపుతున్నవాడు ఆగిపోయాడు. ఎడమచేత్తో జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. దాన్ని చూశాడు, పొయ్యి మీది పాలను చూశాడు. స్వామి మాత్రం వాడి వైపు చూడనే లేదు, కాళ్లు తుడుచుకుంటున్నారు. వాడు ఎంగిలి చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని బజారు దారి పట్టాడు. ఏం జరుగుతుందోనని నేనూ వెనకే పోయాను.

"ఏమి ఓబులేసన్నా, దారి తప్పొచ్చినావా?" అన్నాడు ఖాజా.

"నా దగ్గరున్న మందే చెడిపోయింది ఖాజా. అది తెలీక దాన్నే మళ్లీ మళ్లీ పోస్తున్నా. నీ దగ్గర మంచిదుంటే ఇయ్యి." అని తల వంచుకుని, "ఆ రోజు అన్న మాట తప్పే" అన్నాడు.

ఖాజా ఏం దెప్పలేదు. తాళం తీసి ఒక డిస్కు పట్టుకుని మా వెంట వచ్చేశాడు. కంప్యూటర్‌ను దాని పాటికది లేవనివ్వలేదు, ఆ డిస్కుతోనే లేపాడు. రోగమున్న ప్రోగ్రామొక్కటీ తెరవకుండా బయటినుంచే వెతికించాడు. రెండు గంటలు పట్టింది. ఆరు వందల పన్నెండు ప్రోగ్రాముల్లో దొరికింది. బాగయ్యేవి బాగయ్యాయి, కానివాటిని తీసేసి తన దగ్గరున్న మంచివి పెట్టాడు.

"పాటల్లో?" అన్నాడు ఓబులేసు. వాడి గొంతు నాకే సరిగా వినబడలేదు.

"ఒక్కదాంట్లో కూడా లేదన్నా. ఇది ప్రోగ్రాముల్నే పట్టుకునేది. రాసుకున్న వాటి జోలికి పోలేదు."

తెరిచారు. నాగమ్మవ్వ ముప్పై పాటలూ అక్షరం చెదరకుండా ఉన్నాయి. ఓబులేసు ఖాజాను వాటేసుకుని భోరున ఏడ్చాడు. సిగ్గెందుకు, నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. గుండెల మీదినుంచి బండ దించినట్టయింది. ఆ సాయంత్రమే వాడు నా దగ్గరికొచ్చి ఒక నోటుబుక్కు కావాలన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పెరుగు గడ్డగా, గరిటె గుచ్చితే నిలబడేట్టు తోడుకుంది. ఈరమ్మ నవ్వుతూ అడిగి అడిగి వడ్డించింది. ఓబులేసు మూడోసారి పెరుగు వేయించుకున్నాడు. నాలుగు రోజుల ఆకలంతా ఆ పూటే తీర్చుకునేట్టున్నాడు.

స్వామి తింటూ తింటూ ఈరమ్మను అడిగారు. "ఈ వారంలో మన తోడు ఎవరన్నా తీసుకుపోయినారా?"

"ఇద్దరు స్వామీ. వడ్ల సావిత్రి ఒకరు, బడి పంతులమ్మ ఒకరు."

"పోయి చెప్పిరా తల్లీ. పాపం, గిన్నెలు తోముకుంటుంటారు."

"తిని పోతాలే స్వామీ" అంది ఈరమ్మ.

ఓబులేసు చేతిలోని ముద్ద అట్లే ఉండిపోయింది. పోయిన వారం వాడు పెన్‌డ్రైవ్ పెట్టి బాగుచేసి వచ్చింది బడి కంప్యూటర్‌నూ, ప్రెస్సు కంప్యూటర్‌నూ. లేచాడు. చెయ్యి కడుక్కుని, ఖాజా ఇచ్చిన డిస్కు తీసుకుని గుమ్మం దాటాడు.

"ఇదేంది స్వామీ, కంచంలో అన్నం వదిలేసి!" అంది ఈరమ్మ.

"మూత పెట్టమ్మా. వచ్చి తింటాడు" అన్నారు స్వామి.