గోదాలో నల్లప్ప కాలు

ఎర్రకోన అడవిలో ఎలుగుబంట్లు, అడవి పందులు, కణుజు దుప్పులు, ముళ్లపందులు, కొండముచ్చులు ఉండేవి. ఎవరి గుహ వాళ్లది, ఎవరి పొద వాళ్లది. అందరికీ కలిపి ఉన్నది ఒక్కటే. వాగు ఒడ్డున ఉన్న కుస్తీ గోదా.

తొలకరి పడి నేల మెత్తబడగానే అక్కడ పిల్లలకు కుస్తీలు పెట్టేవారు. ప్రతి కుటుంబం తన ఇంటి ముందు మట్టి తెచ్చి గోదాలో కలపాలి. ఆ మట్టి మీదే పిల్లలు పట్టు పట్టాలి. కోరలు వాడకూడదు. గోళ్లు దించకూడదు. ఎవరి వీపు నేలకు తాకితే వాళ్లు ఓడినట్టు. పాత వస్తాదుతో మూడు పట్లు పట్టి రెండు గెలిచినవాళ్లే ఆ ఏటి వస్తాదు.

గోదా చుట్టూ వాగురాళ్లు వరసగా పేర్చి ఉండేవి. వాటికో కట్టుబాటు ఉంది. కుస్తీ జరుగుతుండగా తల్లి కాలు గానీ తండ్రి కాలు గానీ ఆ రాళ్లు దాటితే, ఆ పట్టు వాళ్ల బిడ్డ ఓడిపోయినట్టే. ఒకప్పుడు ఒక తండ్రి కొడుకును కాపాడబోయి లోపలికి దూకాడు. ఇంకో తండ్రి అతని మీదికి దూకాడు. చివరికి అడవంతా కొట్టుకుంది. అప్పుడు పెట్టుకున్న కట్టుబాటు అది.

ఆ అడవిలో నల్లప్ప అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఆయనకు ఈరమ్మ అనే కూతురు.

ఈరమ్మకు కుస్తీ అంటే ప్రాణం. తెల్లవారగానే లేచి మద్దిమానును వాటేసుకుని ఊపేది. చెదపుట్టలు తవ్వి తవ్వి భుజాలు గట్టి చేసుకుంది. పెదనాన్న కొడుకులతో పట్టు పట్టి పదిసార్లు కింద పడింది. పదకొండోసారి వాళ్లను కింద పడేసింది. ఇదంతా తనకు తానే నేర్చుకుంది. నల్లప్ప ఒక్క పట్టు కూడా నేర్పలేదు. ఆ వేళల్లో ఆయన తేనెతుట్టెలు వెతుక్కుంటూ కొండల మీద తిరుగుతుండేవాడు.

అయినా అడవంతా తిరిగి చెప్పుకున్నాడు.

"చూశారా నా కూతుర్ని! అది నా రక్తం. ఆ భుజాలు నావి. ఆ పట్టు నాది."

"నాయనా, ఆ పట్టు నాది," అంది ఈరమ్మ ఒకరోజు.

"నీదంటే నాది కాదా!" అని నల్లప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. ఈరమ్మ నవ్వలేదు.

కుస్తీల రోజు వచ్చింది. ఈరమ్మ ఇంటి ముందు మట్టి మోసుకొచ్చి గోదాలో పోసింది. ఒళ్లు దులుపుకుని పిల్లల వరసలో నిలబడింది.

గోదా పెద్ద కోరప్ప ఆమెను చూశాడు. కోరప్ప పెద్ద కోరలున్న అడవి పంది. ఆయన కొడుకు ఓబులు రెండేళ్లుగా వస్తాదు.

"ఏమిటిది నల్లప్పా? ఆడపిల్లకు గోదాలో ఏం పని? పోయి చెదలు తవ్వుకోమను," అన్నాడు కోరప్ప.

చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. కొండముచ్చులైతే కొమ్మలు ఊపి మరీ నవ్వాయి.

నల్లప్పకు మెడ మీది జుట్టు నిక్కబొడుచుకుంది.

"ఏ కట్టుబాటులో ఉందిరా ఆ మాట?"

"ఉండక్కర్లేదు. ఇంతకు ముందు ఎప్పుడూ లేదు. అంతే."

"ఇంతకు ముందు నువ్వు కూడా లేవు. పుట్టలేదా?"

ఈసారి నవ్వు కోరప్ప మీదికి తిరిగింది. నల్లప్ప ఆగలేదు.

"ఈ గోదాలోకి మట్టి మోసింది నా కూతురు. మొయ్యడానికి పనికొచ్చింది, దాని మీద నిలబడటానికి పనికిరాదా? తీర్పు చెప్పే సూదవ్వ ఆడది కాదా? ఆమె ముందు తోక ముడుచుకుని నిలబడతావే, నా కూతురి ముందు నీకేం పుట్టింది?"

సూదవ్వ ముసలి ముళ్లపంది. ఆమె ముళ్లు గలగలలాడిస్తేనే కుస్తీ మొదలయ్యేది. మళ్లీ గలగలలాడిస్తేనే ఆగేది.

"కట్టుబాట్లన్నీ నాకు నోటికొచ్చు," అంది సూదవ్వ. "ఆడపిల్ల దిగకూడదని అందులో ఎక్కడా లేదు. దిగనివ్వు కోరప్పా."

కోరప్ప పళ్లు నూరాడు. "సరే. దిగమనండి, మా ఓబులు మీదికే. కానీ ఒక మాట. ఇది ఓడితే మళ్లీ ఏ ఆడపిల్లా ఈ రాళ్ల దగ్గరికి రాకూడదు. ఒప్పుకుంటారా?"

వెనకాల పొదల దగ్గర ఆడపిల్లలు గుంపుగా నిలబడి చూస్తున్నారు. కణుజు పిల్లలు, పంది పిల్లలు, కొండముచ్చు పిల్లలు. ఆ మాట వినగానే వాళ్ల చెవులు నిలబడ్డాయి.

ఈరమ్మ నోరు తెరిచేలోపే నల్లప్ప రొమ్ము చరిచాడు. "ఒప్పుకున్నాం!"

"నాయనా! ఇంతమంది పిల్లల సంగతి. నన్నయినా అడగకుండా నువ్వెలా ఒప్పుకున్నావు?" అంది ఈరమ్మ కోపంగా.

"నువ్వు ఓడితే కదా తల్లీ! నా కూతురు ఓడుతుందా?"

సూదవ్వ ముళ్లు గలగలలాడించింది. మొదటి పట్టు మొదలైంది.

ఓబులు తల వంచి దూసుకొచ్చాడు. వాడికి తెలిసింది అదొక్కటే. అంతవరకూ అందరినీ అలాగే గుద్ది పడేశాడు. ఈరమ్మ పక్కకు జరగలేదు. కాళ్లు మట్టిలో దించి, వాడి భుజాలు రెండూ కింది నుంచి పట్టుకుని, వాడి ఊపుతోనే వాణ్ని లేపి తిప్పింది. ఓబులు వీపు మట్టిలో పడింది. పక్కనున్న వాగులో కప్పలు కూడా అరవడం ఆపేశాయి.

"నా రక్తం!" అని నల్లప్ప ఎగిరాడు. "చూశారా! నా రక్తమది!"

కోరప్ప మొహం నల్లబడింది. అతను మెల్లగా గోదా చుట్టూ తిరిగి వచ్చి నల్లప్ప పక్కన నిలబడ్డాడు. రెండో పట్టు మొదలైంది. ఈసారి ఓబులు జాగ్రత్తగా కదిలాడు. ఇద్దరూ భుజానికి భుజం ఆనించి తోసుకుంటున్నారు.

"నల్లప్పా," అన్నాడు కోరప్ప చిన్నగా. "దానికి నువ్వు ఒక్క పట్టు కూడా నేర్పలేదట కదా. నువ్వు తేనె నాకుతూ తిరుగుతుంటే మీ అన్న కొడుకులతో పడి లేచి నేర్చుకుందట. మరి నాది నాది అని అరుస్తున్నావు. దానిలో నీదేముంది, బొచ్చు తప్ప?"

నల్లప్ప గుర్రుమన్నాడు. గోదాలో ఈరమ్మ ఓబులు మెడ కింద చెయ్యి వేసింది.

"చిన్నప్పుడు ఇదే గోదాలో నిన్ను మూడేళ్లు వరసగా పడేశాను. మరిచిపోయావా?"

నల్లప్ప చెవులు ఎర్రబడ్డాయి. ఈరమ్మ ఓబులు వెన్ను వంచుతోంది. వాడి ముందుకాళ్లు నేల వదిలాయి.

"నీ రక్తమేనన్నావుగా. అయితే పడుతుంది చూస్తూ ఉండు. మీ రక్తానికి వీపు నేలకానించడం అలవాటే."

నల్లప్ప కళ్లు మూసుకుపోయాయి. పెద్దగా గర్జించి కోరప్ప మీదికి దూకాడు. కోరప్ప దానికోసమే చూస్తున్నాడు. చటుక్కున పక్కకు తప్పుకున్నాడు. నల్లప్ప ఊపు ఆగలేదు. ఆయన కాలు రాళ్లు దాటి, గోదాలో, మెత్తని మట్టిలో మడమదాకా దిగబడింది.

సూదవ్వ ముళ్లు గలగలలాడాయి.

"ఆపండి! తండ్రి కాలు రాళ్లు దాటింది. ఈ పట్టు ఓబులుది."

ఓబులు అప్పటికి సగం గాల్లో ఉన్నాడు. ఈరమ్మ వాణ్ని మెల్లగా కిందికి దించింది.

"అన్యాయం!" అని అరిచాడు నల్లప్ప. "వాడు నన్ను రెచ్చగొట్టాడు! వాడి నోట్లోంచి ఏమేం మాటలొచ్చాయో విన్నావా సూదవ్వా?"

"విన్నాను. వాడిది పాడు నోరు. కానీ నీ కాలు వాడు లాగాడా?"

నల్లప్ప మట్టిలోంచి కాలు వెనక్కి లాక్కున్నాడు.

ఈరమ్మ రాళ్ల దగ్గరికి వచ్చింది. ఒంటి నిండా మట్టి. కళ్లు నిప్పుల్లా ఉన్నాయి.

"నాయనా, ఓబులు నన్ను పడెయ్యలేదు. కోరప్ప మామ పడెయ్యలేదు. నువ్వు పడేశావు."

"నీ కోసమే కదా తల్లీ నాకు అంత కోపం వచ్చింది!"

"కాదు. మామ అన్నది నిన్ను. నీకు తగిలింది. నీ కోసం నువ్వు దూకావు. పడింది నేను."

"ఈరమ్మా..."

"ఇక్కడ నుంచి వెళ్లిపో. నువ్వుంటే నేను ఓబులు భుజం చూడలేను. నీ కాలే చూస్తుంటాను."

అడవంతా ఆ మాట విన్నది. నల్లప్పకు కోపం నషాళానికంటింది. కన్నతండ్రిని, ఇంతమందిలో, పొమ్మంటుందా? ఎవరు అడిగి తెచ్చారు ఈ పిల్లకు గోదాలో చోటు? ఎవరు అరిచారు దీని కోసం? నోటిదాకా వచ్చింది. అప్పుడు ఆయన చూపు పొదల వైపు పోయింది. ఆడపిల్లలు ఎవరూ ఈరమ్మను చూడడం లేదు. అందరూ ఆయన కాలినే చూస్తున్నారు. ఒక చిన్న కణుజు పిల్ల అయితే, మళ్లీ ఆ కాలు లేస్తుందేమోనని తల్లి కడుపు కిందికి దూరి చూస్తోంది.

నల్లప్ప నోరు మూసుకున్నాడు. గిర్రున తిరిగి, వాగు పక్కనున్న పెద్ద బండ వెనక్కి వెళ్లి, కొండ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు.

ఏడాదంతా ఎదురుచూసిన పట్టు అది. కూతురు గెలవడం కళ్లారా చూడాలనుకున్నాడు. ఇప్పుడు ఎదురుగా రాళ్లూ తుప్పలూ తప్ప ఏమీ లేవు. కోరప్ప మీద కోపం, కూతురి మీద కోపం, అన్నిటికంటే మట్టి అంటిన తన కాలి మీద కోపం. ఆ కాలిని నేలకేసి కొట్టుకున్నాడు.

మూడో పట్టు మొదలైంది.

"ఏం నల్లప్పా! కూతురు తరిమేసిందా?" అని కోరప్ప కేక వేశాడు. "బండ వెనక ఏడుస్తున్నావా?"

నల్లప్ప కాళ్లు వాటంతటవే లేచాయి. పక్కనున్న చెట్టు వేరు ఒకటి చేతికందింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని మళ్లీ కూర్చున్నాడు. కోరప్ప ఇంకో మాట అన్నాడు. ఇంకోటి అన్నాడు. వేరు పటపటలాడింది గానీ నల్లప్ప లేవలేదు.

తిట్టడానికి ఎదురుగా నల్లప్ప లేకపోయేసరికి కోరప్ప నోరు కొడుకు మీదికి తిరిగింది.

"ఒరే ఓబులూ, కాలు పట్టరా! కాలు కాదు, భుజం! వెనక్కి తగ్గు! తగ్గొద్దురా దద్దమ్మా! ఆడపిల్ల చేతిలో పడతావా? నా కొడుకువేనా నువ్వు?"

"ఏది పట్టుకోమంటావు నాయనా?" అని ఓబులు ఏడుపు గొంతుతో అనడం నల్లప్పకు వినిపించింది.

వెంటనే ధబ్బుమని చప్పుడు.

ఎవరి వీపు? నల్లప్ప ఊపిరి బిగపట్టాడు. తిరిగి చూడాలని మెడ నరాలు లాగేశాయి. చూడలేదు. సూదవ్వ ముళ్లు గలగలలాడాయి. ఆ తర్వాత పొదల వైపు నుంచి ఆడపిల్లల కేకలు లేచాయి. కోన అంతా మారుమోగింది. అప్పుడు తెలిసింది ఆయనకు.

"ఈ ఏటి వస్తాదు ఈరమ్మ!" అంది సూదవ్వ. "కోరప్పా, పందెం నువ్వే పెట్టావు. ఓడితే రాకూడదన్నావు. ఓడలేదు."

ఆమె మాట పూర్తయ్యేలోపే ఆడపిల్లలందరూ రాళ్లు దూకి గోదాలో పడ్డారు. మట్టి పైకి లేచింది. మధ్యలో కోరప్ప కొడుకును పట్టుకుని, "నా పరువు తీశావు కదరా!" అని మీదికి వెళ్లాడు.

"నువ్వు అరవకుండా ఉంటే నాకు పట్టు దొరికేది," అన్నాడు ఓబులు. వాడు తండ్రి వైపు చూడకుండా వాగు దగ్గరికి పోయి, ఈరమ్మ పక్కనే వంగి నీళ్లు తాగాడు.

ఆ మాట అందరూ విన్నారు. కన్నకొడుకునే నిలబడనివ్వనివాడు గోదాను ఏం నిలబెడతాడని పెద్దలు తీర్మానించారు. ఆ తర్వాత కోరప్పను గోదా పెద్దగా ఉండమని ఎవరూ అడగలేదు.

నల్లప్ప బండ వెనక నుంచి వచ్చాడు. దారిలో అందరూ ఆయన్ని ఆపి చెప్పడమే.

"ఏం పట్టు నల్లప్పా! మెడ మీద చెయ్యి వేసి లాగింది చూడూ..."

"మెడ కాదు, నడుము. నేను దగ్గర నుంచి చూశాను కదా."

"నడుమూ కాదు, మెడా కాదు. కాలు అడ్డం పెట్టింది."

నల్లప్పకు ఒళ్లు మండిపోయింది. ముక్కూ మొహం తెలియని కొండముచ్చు చూసింది. కప్ప చూసింది. తండ్రి చూడలేదు.

ఈరమ్మ ఆయన్ని చూసింది. ఇంకా కోపంగానే ఉంది.

"పద. ఆకలేస్తోంది," అంది.

ఆమె ముందు నడిచింది. ఆయన వెనక నడిచాడు.

గుహ దగ్గర నల్లప్ప భార్య సుంకమ్మ చంటిపిల్లను వీపు మీద ఎక్కించుకుని ఎదురుచూస్తోంది. గెలిచిందన్న కబురు అప్పటికే ఆమెకు చేరింది.

"ఎలా పడేసింది? చెప్పవయ్యా, చెప్పు!" అని భర్తను కుదిపింది.

నల్లప్ప కాలికి ఎండిన మట్టిని నేలకేసి రుద్దుకున్నాడు.

"నాకు తెలియదు. నేను చూడలేదు," అన్నాడు. "గెలిచింది అది. దాన్నే అడుగు."

ఈరమ్మ తల్లికి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. నల్లప్ప వాకిట్లో, బయటివాడిలా, ఒక్క మాట కూడా అడ్డు రాకుండా కూర్చుని విన్నాడు.

నీతి: బిడ్డ బలాన్ని నీ సొమ్ముగా చెప్పుకుని తిరిగితే, నిన్ను అన్న ప్రతి మాటకూ బిడ్డే దెబ్బ తింటుంది. గర్వపడాలనుకుంటే నోరూ కాలూ అదుపులో పెట్టుకుని, రాళ్లకు ఇవతల నిలబడి గర్వపడు.