ఎర్రకాడ చిక్కుడు

అనగనగా, ఏటికింకా వంతెన లేని కాలంలో, పడవరేవు పక్కన ఒక సావిడి ఉండేది. వైద్యుడు చెయ్యి వదిలేసినవాళ్లని, దారిలో పడిపోయిన బాటసారులని, నా అన్నవాళ్లు లేనివాళ్లని అక్కడికి తెచ్చి పడుకోబెట్టేవారు. నయం చెయ్యడానికి కాదు. ఒంటరిగా పోకుండా ఉండడానికి.

సావిడి చుట్టూ తోట. ఆ తోటకి యజమాని లేడు, కూలీలు లేరు. ఊళ్లో ఇంటికొకరు వంతులవారీగా వచ్చి నీళ్లు పోసేవారు. ఊరివాళ్లు మంచివాళ్లే. కాకపోతే వంతు వచ్చిన రోజునే కొందరికి నడుంనొప్పి కూడా వచ్చేది. అలాంటి రోజు కడవ ఎత్తేది తవుడమ్మ. అంటే దాదాపు రోజూ తవుడమ్మే.

తవుడమ్మకి ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. అందుకని చావు కళ్లు కప్పడానికి తల్లి ఆమెని చేటెడు తవుడికి పొరుగింటికి ఇచ్చేసి, మళ్లీ తెచ్చుకుంది. పేరు అలా వచ్చింది. చావు ఆమెని వదిలేసి, పెళ్లయిన ఏడాదికే మొగుణ్ణి పట్టుకుపోయింది. అప్పటి నుంచి ఆమెకి సావిడే దిక్కు, సావిడికి ఆమే దిక్కు.

సావిడికి వచ్చినవాళ్లు తోటలో ఒక విత్తు నాటాలి. చెయ్యి లేవనివాళ్లు తవుడమ్మ చేతికిచ్చేవారు. ఇక ఆ రోజు నుంచి తెల్లారితే, అక్కని పిలిచినట్టు తవుడమ్మని అప్పా అని పిలిచి, ఒకటే మాట.

"తవుడప్పా, మొలిసిందా?"

"మొలిసింది. రెండాకులేసింది."

ఆ మాట విని ఒక పడవవాడు ఆనపపాదు వదిలి పోయాడు. ఒక ముసలమ్మ గోంగూర వదిలి పోయింది. రెండాకుల మాట చెవిన పడ్డాక ప్రాణం సుఖంగా పోతుందని అందరి నమ్మకం.

ఒక వానాకాలం అసిరి అనే పిల్ల వచ్చింది. ఇరవయ్యేళ్లుంటాయేమో. ఆమెని లేవదీసుకుపోయినవాడు, జబ్బు ముదిరాక రేవులో దింపి, మందు తెస్తానని వెళ్లాడు. ఆ మందు ఇప్పటికీ రాలేదు.

"ఏ వూరే పిల్లా? మీ వోళ్లకి కబురంపుతాం," అంది తవుడమ్మ.

"సెప్పనప్పా. గడప దాటితే నీ మొహం సూడనంది మాయమ్మ. పిలిస్తే రాదు. తనంతట తాను ఎతుక్కుంటూ వస్తే అది వేరు."

అసిరి కొంగు ముడి విప్పింది. లోపల ఒకే ఒక్క చిక్కుడు గింజ.

"ఇది మా పెరట్లోది. కాడ ఎర్రగా ఉంటాది. అలాటిది ఇంకెక్కడా సూడలేదు నాను. మాయమ్మ ఈ దారిని వస్తే ఆ ఎర్రకాడ సూసి ఆగుతాది. నానిక్కడే ఉన్నానని తెలుస్తాది."

తవుడమ్మ గింజ అందుకుంది. అరచేతిలో తిప్పి చూస్తే సన్నటి బెజ్జం. పుచ్చు గింజ. అది మొలవదని ఆమెకి అప్పుడే తెలుసు. ఆ మాట అక్కడే చెప్పెయ్యాల్సింది. నోరు రాలేదు.

మూడోనాడు, "మొలిసిందా?" అంది అసిరి. "ఇంకా లేదమ్మా," అంది తవుడమ్మ.

అయిదోనాడు, "మొలిసిందా?" "ఇంకా లేదమ్మా."

ఏడోనాటికి పిల్ల గొంతు పీలగా అయిపోయింది. "మొలిసిందా?"

"మొలిసింది. రెండాకులేసింది."

అసిరి నవ్వింది. "నన్ను ఎత్తుకుని సూపించప్పా," అంది.

ఆ మాట వస్తుందని తవుడమ్మ అనుకోలేదు. "రేప్పొద్దున్న," అని తప్పించుకుంది. సాయంత్రం తన పెరట్లోంచి ఒక చిక్కుడు మొలకని మట్టితో సహా పెకలించి తెచ్చి, పుచ్చు గింజ పెట్టినచోట నాటింది. పొద్దున్నే అసిరిని రెండు చేతుల మీద ఎత్తుకుని తీసుకెళ్లింది. ఎముకలు తప్ప బరువు లేదు పిల్లకి.

అసిరి వంగి ఆ కాడని మొదలు నుంచి చివరిదాకా వేలితో నిమిరింది.

"తెల్లకాడప్పా ఇది," అంది. "ఇది సూసి మాయమ్మ ఆగదు."

కోపంగా అనలేదు. అన్నా బాగుండేది. పక్క మీద పడుకోబెడితే గోడవైపు తిరిగింది. మళ్లీ మాట్లాడలేదు. మధ్యాహ్నానికి పోయింది.

చచ్చిపోయేవాళ్లకి అబద్ధం చెప్పానే అని తవుడమ్మ గుండె బాదుకుంది. ఊరంతా సర్దిచెప్పింది, మంచికే కదా చెప్పావని. ఆమెకి ఆ మాట ఎక్కలేదు.

ఏరు తగ్గాక అవతలికి దాటి, పెరడు పెరడూ చూసుకుంటూ నడిచింది. మొదటి ఊళ్లో అన్నీ తెల్లకాడలు. రెండో ఊళ్లో అన్నీ తెల్లకాడలు. మూడో ఊళ్లో ఒక తాటాకు గుడిసె మీద ఎర్రకాడ పాకి ఉంది. కింద ఒక ఆడమనిషి కాయలు కోస్తోంది. ఆమె సన్నెమ్మ.

"నీకు కూతురుందా అప్పా?"

"లేదనుకున్నాను," అంది సన్నెమ్మ. వెంటనే చేటలో కాయలు కింద పడిపోయాయి. "ఎక్కడుంది?"

తవుడమ్మ అంతా చెప్పింది. పుచ్చు గింజ సంగతి చెప్పింది. తెల్లకాడ సంగతి చెప్పింది.

"ఆఖర్న ఏటంది?"

అమ్మా అని పిలిచిందని చెప్తే పోయేది. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. తవుడమ్మ మింగేసింది. "ఇది సూసి మాయమ్మ ఆగదు అంది. ఆ పైన మాటాడలేదు."

సన్నెమ్మ ఆమెని రెండు చేతులా కొట్టింది. చేతులు నొప్పెట్టేదాకా కొట్టి, ఆ చేతులతోనే ఆమెని పట్టుకుని ఏడ్చింది. తర్వాత ఎండుకాయలు ఒడినిండా కోసుకుని ఆమె వెంట సావిడికి వచ్చింది. కూతుర్ని మట్టిచేసిన చోటి నుంచి సావిడి గోడదాకా విత్తింది. అన్నీ మొలిచాయి. సావిడి కప్పంతా ఎర్రకాడ అల్లుకుంది. సన్నెమ్మ మరి ఇంటికి వెళ్లలేదు. అప్పటి నుంచి తోటకి రెండు కడవలు.

ఇక ఎవరైనా "మొలిసిందా?" అని అడిగితే, మొలవకపోతే తవుడమ్మ మొలవలేదనే చెప్పేది. "మొలవలేదమ్మా. నాను కూకుంటాను," అనేది. అని కూర్చునేది. ఎంతసేపైనా లేచేది కాదు.

ఏళ్లు గడిచాయి. తవుడమ్మ కూడా ఆ సావిట్లోనే మంచాన పడింది. ఒక ఎర్రకాడ గింజ సన్నెమ్మ చేతికిచ్చింది.

మూడోనాడు, "సన్నెప్పా, మొలిసిందా?" "లేదప్పా." అయిదోనాడు, "మొలిసిందా?" "లేదప్పా."

ఏడోనాడు సన్నెమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. బయట తోటంతా ఎర్రకాడే. ఏ మొలక తెచ్చి చూపించినా ఎవరూ ఆనవాలు పట్టలేరు. మంచం మీంచి తవుడమ్మ ఆమె మొహంలోకే చూస్తోంది. ఏం వినాల్సి వస్తుందో అని భయంగా చూస్తోంది.

"మొలిసిందా?"

"లేదప్పా," అంది సన్నెమ్మ.

"బతికించావు," అంది తవుడమ్మ. "కూకో."

సన్నెమ్మ కూర్చుంది. తవుడమ్మ ఆమె చెయ్యి పట్టుకుని పోయింది.

ఆ గింజ తర్వాత మొలిచిందని కొందరంటారు. మొలవలేదని కొందరంటారు. తవుడమ్మ కథ చెప్తూ అబద్ధమాడకూడదు కదా, నాకు తెలీదు.

ఏటికి వంతెన వచ్చింది. సావిడి కూలిపోయింది. కానీ ఆ చుట్టుపక్కల ఊళ్లలో మంచాన పడ్డవాళ్లని చూడబోయినవాళ్లు తగ్గిపోతుందిలే అనరు. గుమ్మంలో నిలబడి మాట్లాడరు. "కూకుంటాను," అంటారు, కూర్చుంటారు. ఆ ఊళ్లలో దారివైపు గోడకి ఎర్రకాడ చిక్కుడు పాకించని ఇల్లు లేదు. పెరట్లో బోలెడు చోటుండగా దారివైపే ఎందుకని అడగండి.

"ఎవరో తల్లి ఎతుక్కుంటూ వస్తాది," అంటారు. "ఆగాల కదా."