యాళికోన చెలమ

పూర్వం, మా కొండ మీద కోట నిలిచి ఉన్న కాలంలో, ఈ సీమను పెద ఓబళనాయడు అనే పాలెగాడు ఏలేవాడట. ఆయన ధర్మాత్ముడే గాని అబద్ధాన్ని సహించేవాడు కాడు. అబద్ధమాడినవారిని పొలిమేర దాటించడం ఆయన శాసనం. ఊరందరి దాహం తీర్చేది కోనలో ఉన్న చెలమ ఒక్కటే. ఒక ఎండాకాలం ఏదో మృగం ఆ చెలమ దగ్గర చేరి, నీళ్ళకు పోయినవారినల్లా తరిమివేయసాగింది.

దాన్ని తేరిపార చూసినవారు ముగ్గురు. గట్టు మీదినుంచి చూసిన గొర్రెల కాపరి బీరప్ప దానికి సింహపు జూలు ఉందన్నాడు. ఎదురుపడిన కాపు లింగారెడ్డి ఏనుగు తొండం ఉందన్నాడు. వెదురు కోయబోయి వెనకనుంచి చూసిన మేదర చెన్నమ్మ పాము తోక ఉందని చెప్పింది. నడుమంతా పొద చాటున పడి ఎవరికీ కనబడలేదు.

నాయడుగారి ఎదుటనే రెడ్డి కాపరిని ఎగతాళి చేశాడు.

"తొండమున్నదానికి జూలేందిరా బీరప్పా? నీ పొట్టేళ్ళకు రెక్కలు గూడా ఉండాయా?"

"నువ్వు చూసింది నీ ఎద్దునేమోలే రెడ్డీ!"

నాయడుగారికి కోపం వచ్చింది. ముగ్గురూ ఒక్క మాట మీదికి రావాలని, లేకుంటే తెల్లవారేలోగా ఊరు విడవాలని ఆజ్ఞాపించాడు. చెన్నమ్మ ఇంట్లో కూతురు పచ్చి బాలింత. కుండలో చుక్క నీరు లేదు. బిడ్డతల్లిని తీసుకొని ఎక్కడికని పోతుంది? అయినా కంటితో చూసినదాన్ని కాదనడానికి ఆమెకు నోరు రాలేదు.

"నాయనా, మన నరసింహసామి సగం మనిషి, సగం సింగం గదా," అంది ఆమె చేతులు జోడించి. "ఆయన్ని చూసి చెప్పినోళ్ళను గూడా ఊరు దాటించేదేనా?"

అప్పుడు పురోహితుడైన అనంతభట్టు లేచి, వ్యాళమనే మాట ఒకటి ఉందనీ, పాముకూ, మదించిన ఏనుగుకూ, సింహం పులి వంటి క్రూరమృగాలకూ కూడా పెద్దలు ఆ పేరే వాడతారనీ, ఈ ముగ్గురూ చూసినది ఆ ఒక్కదాన్నే కావచ్చుననీ విన్నవించాడు.

"అయితే ఆ పేరు పెట్టి పిలిచి, నీళ్ళు తెచ్చి చూపించమను," అన్నాడు నాయడు.

మగవాళ్ళిద్దరూ తలలు దించుకున్నారు. చెన్నమ్మ కడవ చంకన పెట్టుకొని కోనలోకి నడిచింది. మృగం బుసకొట్టిన చప్పుడు వినబడగానే కళ్ళు మూసుకుంది. భట్టుగారు చెప్పిన పేరు ఆమె నోట తిరగలేదు. "యాళీ, తల్లీ, నా బిడ్డ బాలింత. ముందు నువ్వు తాగు, తరవాత నాకు ఒక కడవ ఇయ్యి," అని వేడుకొని, దోసిట నీళ్ళు పట్టింది. జూలు చూసి అదిలించినవారూ, తొండం చూసి రాళ్ళు రువ్వినవారూ ఉన్నారు గాని, దాన్ని నిండుగా పిలిచినవారు అంతవరకూ లేరు. అది ఆ నీళ్ళు తాగి, చెలమ పక్కన ఒదిగి కూర్చొని, కూర్చున్నది కూర్చున్నట్టే శిల అయిపోయిందని చెబుతారు. చెన్నమ్మ కడవ నింపి తెచ్చి చూపించింది. ముగ్గురూ ఊళ్ళోనే ఉన్నారు. నాయడు ఆ శిలకు పైకప్పు వేయించి నిత్యదీపం ఏర్పాటు చేశాడు.

నాటినుంచి అది యాళికోన అయింది. ఇప్పటికీ మా ఊళ్ళో బాలింత మొదటిసారి నీళ్ళకు పోయినప్పుడు ముందు దోసెడు నీళ్ళు ఆ శిల నోట పోసి, పసుపు రాసి, ఆ తరవాతే కడవ ముంచుకుంటుంది. జూలూ, తొండమూ, తోకా చెక్కినట్టు తేటగా తెలుస్తాయి. నడుము మాత్రం ఉత్త బండ. దాన్ని ఎవరూ చూడలేదు కదా మరి.