తేనె కొట్టు దావా

అనగనగా ఒక అడవిలో ఒక ముళ్ళపంది వకీలు ఉండేవాడు. మామూలు వకీలు కాదర్రా! వ్యాపారంలో వచ్చే చిక్కు తగాదాలన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. చెదపురుగుల పుట్ట అద్దెకు తీసుకుని, వదలనని మొండికేసిన పాము చేత ఖాళీ చేయించాడు. చెరువులో చేపల వాటా కోసం కొంగలూ నీటికాకులూ కొట్టుకుంటే తీర్చాడు. కోర్టులో ఆయన ముళ్ళు నిక్కబొడుచుకుని లేచాడంటే సింహం జడ్జిగారు కూడా సర్దుకుని కూర్చునేవారు.

ఒకరోజు ఎలుగన్న రుసరుసలాడుతూ ఆయన దగ్గరికి వచ్చాడు. అతనికీ ఉడుతమ్మకీ కలిసి ఒక తేనె కొట్టు ఉంది. అతను తేనె తెస్తాడు. ఉడుతమ్మ మోదుగాకులతో దొన్నెలు కుట్టి, వాటిలో తేనె పోసి అమ్ముతుంది. ఈమధ్య ఎలుగన్న కొట్టుకి కొత్త బోర్డు పెట్టి, దాని మీద తన పేరొక్కటే రాయించుకున్నాడు. "మరి నా పేరేదన్నా?" అని ఉడుతమ్మ అడిగింది. అంతే, మాటా మాటా పెరిగింది.

"కొట్టు మొత్తం నాకే రావాలి వకీలు గారూ! రేపే దావా వేయండి. తను ఇక నా కొట్టు గడప తొక్కకూడదు!" అన్నాడు ఎలుగన్న.

"వేద్దాం నాయనా. కానీ నాదొక పద్ధతి. అవతలివాళ్ళు ఏం చెబుతారో నాకు ముందే తెలియాలి. అలా ఎదురుగా నిలబడి, ఉడుతమ్మ తరఫు వకీలుగా నువ్వే వాదించు," అన్నాడు ముళ్ళపంది.

ఎలుగన్నకి నవ్వొచ్చింది. మూతి ముడిచి, సన్నటి గొంతు పెట్టి, "కిచకిచ! నాకు పేరు కావాలి, కిచకిచ!" అన్నాడు.

"ఇది వెక్కిరింత. వాదన కాదు. మళ్ళీ చెప్పు."

"దొన్నెలు కుడుతుంది. అదీ ఒక పనేనా?" అన్నాడు విసుగ్గా.

"ఇది నీ వాదన. తనది చెప్పు."

ఈసారి ఎలుగన్న గొంతు నెమ్మదించింది.

"పుల్లలు గుచ్చుకుని దాని వేళ్ళు ఎప్పుడూ పుండ్లే. వానాకాలమంతా నేను జ్వరంతో మంచం పట్టాను. నిలవున్న తేనెతో ఒక్కతే కొట్టు నడిపింది. నా వాటా చుక్క తగ్గకుండా తెచ్చి తలగడ పక్కన పెట్టేది. నేను తినకపోతే తనూ తినేది కాదు..."

ముళ్ళపంది వైపు చూసి, "అయితే మనం ఓడిపోతామా?" అని అడిగాడు.

"ఎందుకు ఓడతాం? తేనె చెట్టు నీది, కొట్టు స్థలం నీది. రేపు మధ్యాహ్నానికల్లా గెలిపించేస్తాను." ముళ్ళపంది తన ముళ్ళన్నీ మెల్లగా దించుకుని దగ్గరికి జరిగాడు. "గెలిపించమంటావా?"

ఎలుగన్న తల అడ్డంగా ఊపి, ఉడుతమ్మ ఇంటికి ఒకటే పరుగు తీశాడు.

అక్కడ గుమ్మంలో మూట కట్టి ఉంది. పక్కన కుప్పగా దొన్నెలు. ఉడుతమ్మ ఇంకా కుడుతూనే ఉంది.

"అడవి వదిలి వెళ్ళిపోతున్నావా? మరి ఈ దొన్నెలెందుకు?" అన్నాడు ఎలుగన్న.

"నీకు కుట్టడం రాదుగా అన్నా. ఇంకెవరైనా దొరికేదాకా సరిపోతాయని," అంది ఉడుతమ్మ తలెత్తకుండా. "దావా వేస్తున్నావటగా. నేను కోర్టుకి రాను. నాకు వకీలు కూడా లేడు."

ఎలుగన్నకి ఏడుపు ఆగలేదు. "రానక్కర్లేదు చెల్లీ. వాదన అయిపోయింది. నువ్వే గెలిచావు."

"నా తరఫున ఎవరు వాదించారు?"

"నేనే," అన్నాడు ఎలుగన్న.

నీతి: కోపం వచ్చినప్పుడు, ఎదుటివాళ్ళ తరఫున ఒక్కసారి మనమే నిజాయితీగా మాట్లాడి చూడాలి.