వేడి చేసిన పెదవి

డాక్టర్ హైమవతికి అరవై ఒకటి. శిష్యులు ఏదడిగినా జవాబు చెప్పదు. తర్వాతి రోగిని పిలవమంటుంది.

ఆమె చర్మవ్యాధుల క్లినిక్‌లో పని నేర్చుకుంటున్న యశోధరకి ఆ అలవాటంటే కాస్త విసుగు. ఆరోజు అడగనే అడిగింది: "పెళ్లయిన ఆడమనిషికి హెర్పిస్ వస్తే, ఎవరివల్ల వచ్చిందో ఎలా తేల్చాలి మేడమ్?"

"నాగరత్నాన్ని పిలువమ్మా," అంది హైమవతి.

నాగరత్నానికి మర్మాంగం దగ్గర నీటిపొక్కులు లేచాయి. పరీక్షలో హెర్పిస్ అని తేలింది. వాడెవడో చెబితేనే గడప తొక్కమన్నాడు భర్త సత్యమూర్తి. లేదంటే కూతుర్ని కూడా చూడనివ్వనన్నాడు. చెప్పడానికి ఆమె దగ్గర ఏ పేరూ లేదు.

ఆమె సరేనన్నాక హైమవతి అతన్నీ లోపలికి రమ్మంది. అతని కింది పెదవి మూల పొక్కులు చిట్లి పక్కు కట్టి ఉన్నాయి.

"ఇదేంటి బాబూ?"

"వేడి చేసిందండీ. ఏటా ఎండల్లో వస్తుంది. వెన్న రాస్తే పోతుంది."

"ఎవరంటించారు?"

సత్యమూర్తి నవ్వాడు. "వేడిని ఒకరు అంటించడమేంటండీ?"

"అదీ హెర్పిసే. చిన్నప్పుడు ఏ మేనత్త ముద్దుతోనో వచ్చుంటుంది. నరంలో పడుకుని ఉండి అప్పుడప్పుడూ లేస్తుంది. నోటినుంచి కిందికీ అంటుకుంటుంది. మీ ఆవిడకి వచ్చింది ఈ రకమే. మీవల్లేనని నేను ఒట్టేసి చెప్పలేను. ఎప్పుడు, ఎవరినుంచి అన్నది ఏ పరీక్షా చెప్పదు. పక్కు రాలి మానేదాకా మాత్రం పాపని ముద్దుపెట్టుకోకండి."

పొద్దున్నుంచీ వరండాలో ఆ పెదవిని యశోధర కూడా చూస్తూనే ఉంది. దాని సంగతి అడగాలని ఆమెకీ తోచలేదు.

సత్యమూర్తి లేచి, పెద్ద మనసు చేసుకున్నవాడిలా భార్య వైపు తిరిగాడు. "సరేలే, జరిగిందేదో జరిగింది. ఈసారికి వదిలేస్తున్నా. పద ఇంటికి."

నాగరత్నం మందుల చీటీ తీసుకుని అతని వెనకాలే వెళ్లింది. ఆ వారం తిరక్కుండానే కూతుర్ని చంకనేసుకుని అక్కగారింటికి వెళ్లిపోయింది. మళ్లీ ఆ ఇంటికి రాలేదు.

ఆ కబురు విని యశోధర ఆశ్చర్యపోయింది. "తన తప్పని ఎవరూ అనలేరని తేలిపోయింది కదా మేడమ్, ఇంకెందుకు వెళ్లింది?"

హైమవతి చేతులు కడుక్కుంటూ అంది: "తేలాక కూడా క్షమించాడమ్మా."