ఎర్రదారం గొంగడి

కొండదారి మలుపులో, మనుషులు ఎప్పుడో వదిలేసిపోయిన టోలుగేటు గదుల్లో గంగన్న లాడ్జి నడిపేవాడు. గంగన్న ఎద్దు. ఏళ్ళ తరబడి కాడి మోసి మెడ కాయకాసింది. ఘాటురోడ్డు ఎక్కలేక సగం దారిలో కూలబడే ప్రాణుల అవస్థ ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? అందుకే యజమాని కాడి విప్పి "ఇక నీ దారిన నువ్వు పో" అన్నప్పుడు గంగన్న ఎక్కడికీ పోలేదు. ఆ దారి పక్కనే ఉండిపోయి, కొండ అవతల సంతకి వెళ్ళే చిన్నాపెద్దా జంతువులకి రాత్రి పడక ఇచ్చేవాడు. అద్దె కింద గుప్పెడు గింజలిచ్చినా సరే, మోపెడు గడ్డి ఇచ్చినా సరే.

ఆ లాడ్జికి ఒక మర్యాద ఉంది. ప్రతి గదిలోనూ గూట్లో మోదుగాకు పొట్లాలు ఉండేవి. ఒకదాంట్లో కుంకుడుకాయలు, ఒకదాంట్లో వేపపుల్ల, ఇంకోదాంట్లో చిన్న బెల్లంముక్క. అవి వచ్చినవాళ్ళకి గంగన్న ఇచ్చే కానుక. అక్కడే వాడుకోవచ్చు, వాడకపోతే ఇంటికి పట్టుకుపోవచ్చు. పడక మీద గొంగడి, బూరుగుదూది దిండు, మూలన ఇత్తడి చెంబు కూడా ఉండేవి. అవి మాత్రం గదివి. ఈ తేడా గంగన్న ఎవరికీ విడమరిచి చెప్పలేదు. లాగినంత మాత్రాన బండి తనదైపోదని ఎద్దుకి ఒకరు చెప్పాలా? అందరికీ అలాగే తెలిసి ఉంటుందనుకున్నాడు పాపం.

అందరికీ తెలిసింది, ఒక్క తాయారమ్మకి తప్ప.

తాయారమ్మ పందికొక్కు. కొండ దిగువన చెరకుతోట గట్టులో ఆవిడ కాపురం. పందికొక్కులకి లోకంలో చెడ్డపేరు ఉంది గానీ, తాయారమ్మ మనసు వెన్న. ఎవరింట్లో జ్వరం వచ్చినా గంజి కాచి పట్టుకెళ్ళేది. చేతులే కాస్త నిలకడ లేనివి. కనబడ్డదాన్ని కలుగులోకి చేరవేస్తే గాని వాటికి నిద్ర పట్టదు.

సంతకి వెళ్ళినప్పుడల్లా మొగుడు వీర్రాజుతో కలిసి గంగన్న లాడ్జిలోనే దిగేది. మొదటిసారి కుంకుడుకాయల పొట్లం తెచ్చుకుంది. అందులో తప్పేం లేదు. రెండోసారి ఇంకో పొట్లం అడిగి తెచ్చుకుంది. అందులోనూ తప్పులేదు, గంగన్న నవ్వుతూనే ఇచ్చాడు. ఆ తరవాతి సంతకి వెళ్ళి ఇంటికొచ్చి మూట విప్పితే ఇత్తడి చెంబు బయటపడింది.

"అది ఎక్కడిదే?" అన్నాడు వీర్రాజు.

"లాడ్జివాళ్ళిచ్చారు."

"ఇచ్చారా?"

"గదిలో పెట్టారంటే ఇచ్చినట్టే కదండీ. అద్దె కట్టలేదూ మనం?"

"ఆ లెక్కన తలుపు కూడా గదిలోదే."

"అది మూటలో పట్టదండీ," అంది తాయారమ్మ.

ఆ తరవాత దిండు వచ్చింది. దిండు వచ్చాక దాని మీద తల పెట్టుకున్నప్పుడల్లా గొంగడి గుర్తొచ్చేది. ఆ గొంగడికి ఒక మూల ఎప్పుడో లాంతరు తగిలి కాలితే, ఎవరో ఎర్రదారంతో ఓపిగ్గా కుట్టి ఉంచారు. "ఇంత అతుకుల గొంగడి పోయిందని ఎవరేడుస్తారు లెండి," అని దాన్నీ చుట్టి మూటలో కుక్కింది. పొద్దున్నే గేటు దగ్గర నెమరు వేస్తున్న గంగన్న లావెక్కిన మూటని చూశాడు.

"గదిలో ఏమైనా తక్కువైతే చెప్పు చెల్లెమ్మా," అన్నాడు.

"అబ్బే, అన్నీ ఉన్నాయన్నా," అంది తాయారమ్మ, తేలు కుట్టిన దొంగలా గబగబా దిగువకి నడుస్తూ. అన్నీ ఉన్నమాట నిజమే. ఆవిడ మూటలో ఉన్నాయి.

ఇంతలో కూతురు చిట్టి పురిటికొచ్చింది. తాయారమ్మ సంతలు మానేసి కూతురి సేవలో పడింది. చిట్టికి సుఖంగా కాన్పయింది. పందికొక్కుల కాన్పు కదా, ఒక్క దెబ్బకి కలుగంతా పిల్లలే. కాలు పెడదామంటే ఏ తోక తొక్కుతామో అని భయం. బారసాలకి ముహూర్తం పెట్టుకున్నారు. కొండ అవతలి నుంచి చిట్టి అత్తగారు అచ్చియ్యమ్మ వస్తున్నట్టు కబురొచ్చింది.

ఆ కబురు విన్నప్పటి నుంచి తాయారమ్మకి ముద్ద దిగలేదు. అచ్చియ్యమ్మ ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. పిల్లలతో చిట్టి రేపోమాపో ఆ ఇంటికే వెళ్ళి బతకాలి. ఇక్కడ మర్యాదలో ఏ వెలితి జరిగినా, "మీ అమ్మ నన్ను ఎక్కడ పడుకోబెట్టిందో గుర్తుందా" అని అక్కడ కోడల్ని జన్మంతా దెప్పుతూనే ఉంటుంది.

"ఇంట్లో చోటెక్కడుందే? గంగన్న లాడ్జిలో దింపుదాం," అన్నాడు వీర్రాజు.

తాయారమ్మ ముందుగా గది చూసి రావడానికి వెళ్ళింది. సంతకి వచ్చినవాళ్ళతో లాడ్జి కిటకిటలాడుతోంది. మిగిలింది ఒకే ఒక్క గది. గంగన్న తలుపు తోసి చూపించాడు. ఉత్త చెక్క పడక. గూట్లో పొట్లాలున్నాయి, అంతే. అది తాయారమ్మ ఎప్పుడూ దిగే గదే.

"ఇదేంటన్నా, గది ఇలా బోడిగా ఉంది?"

"ఏం చెప్పమంటావు చెల్లెమ్మా. ఎవరో పొరపాటున మూటలో పెట్టుకుని వెళ్ళినట్టున్నారు."

"మేం కాదు," అంది తాయారమ్మ. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

"నిన్నెవరన్నారమ్మా," అన్నాడు గంగన్న శాంతంగా.

"అసలే మంచు కురుస్తోంది. వచ్చేది మా వియ్యపురాలు. కప్పుకోవడానికి ఇంకో గొంగడి ఏదైనా ఇప్పించన్నా."

"గొర్రెలు మళ్ళీ ఉన్ని ఇచ్చేది ఎండలు ముదిరాక. అప్పటిదాకా నా దగ్గర మిగిలింది నా తోలే. కావాలంటే ఆవిడ పక్కన పడుకుంటాను గానీ, ఆ గదిలో నేను పట్టను కదా."

తాయారమ్మ ఇంటికి ఎలా నడిచొచ్చిందో ఆవిడకే తెలియదు. గొంగడి తెచ్చి వెయ్యకపోతే వియ్యపురాలు చలికి వణుకుతుంది. తెచ్చి వేస్తే గంగన్న దగ్గర దొంగతనం బయటపడుతుంది. తను తవ్విన గోతిలో తను పడటమంటే ఏమిటో, జన్మంతా గోతులు తవ్వుకునే ఆవిడకి అప్పుడు తెలిసింది. చివరికి కూతురి మొహం చూసి తెగించింది. వీర్రాజు తల కింద దిండు లాగేసి, గొంగడి మడతపెట్టి, చెంబు చింతపండుతో తళతళా తోమి, అన్నీ మోసుకుని లాడ్జికి చేరింది.

"మా ఇంట్లో ఊరికే పడున్నాయన్నా," అంది గంగన్న మొహం చూడకుండా. "నీ లాడ్జికి పనికొస్తాయని తెచ్చాను."

గంగన్న గొంగడిని మూతితో తిరగేశాడు. ఎర్రదారం కుట్టు దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"ఇచ్చేస్తున్నట్టేనా చెల్లెమ్మా? మళ్ళీ అడగవు కదా?"

"ఇచ్చేసినట్టే."

గంగన్న తల ఎత్తి లాడ్జి అంతా వినబడేలా రంకె వేశాడు. కుందేళ్ళు, ముంగిసలు, ఉడతలు, ఎవరి గదుల్లోంచి వాళ్ళు తలలు బయటపెట్టారు. "మన తాయారమ్మ చెల్లెలు ఈ గదికి గొంగడి, దిండు, చెంబు దానం చేసింది. ఇవాళ్టి నుంచి ఇది తాయారమ్మ గది," అన్నాడు. అందరూ ఆవిడని మెచ్చుకున్నారు. ఒక ముంగిస అయితే కళ్ళు కూడా తుడుచుకుంది. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు. తాయారమ్మ అక్కడికక్కడే దొరసాని అయిపోయింది.

బారసాల ఘనంగా జరిగింది. అచ్చియ్యమ్మ మనవల్ని ముద్దు చేసి, పాయసం రెండుసార్లు వేయించుకుని, రాత్రి తాయారమ్మ గదిలో హాయిగా నిద్రపోయింది. ఇక గండం గడిచినట్టే అనుకుంటూ తాయారమ్మ తెల్లారాక వీడ్కోలు చెప్పడానికి వెళ్ళింది. చిట్టి కూడా చంటిపిల్లల్లో ఒకదాన్ని ఎత్తుకుని వెంట వచ్చింది.

గేటు దగ్గర అచ్చియ్యమ్మ సిద్ధంగా ఉంది. పక్కనే ఆవిడకన్నా పెద్ద మూట. మూటలోంచి తళతళలాడే చెంబు మూతి తొంగిచూస్తోంది.

"గది బ్రహ్మాండంగా ఉంది వదినగారూ. సామాను కూడా మంచి రకం. అన్నీ సర్దేశాను," అంది అచ్చియ్యమ్మ.

"సర్దేశారా? ఎక్కడికి?"

"మా ఇంటికే. గదిలో పెట్టారంటే ఇచ్చినట్టే కదా. నాకేం తెలుసు, మీ చిట్టే చెప్పింది. 'మా అమ్మ ఎప్పుడూ తెచ్చుకుంటుంది అత్తయ్యా' అంది."

చిట్టి గర్వంగా తల ఊపింది. తల్లి తెలివిని అత్తగారి దగ్గర నిలబెట్టాననుకుంది పిచ్చితల్లి.

తాయారమ్మ దిక్కుతోచక గంగన్న వైపు చూసింది. గంగన్న తీరిగ్గా నెమరు మింగాడు.

"నన్ను అడగడానికేముంది? అవి తాయారమ్మ ఇచ్చినవి. ఆవిడ సరేనంటే పట్టుకెళ్ళండి," అన్నాడు.

"అయ్యో, మీవా వదినగారూ? అయితే మరీ మంచిది. మీ గుర్తుగా దాచుకుంటాను," అని అచ్చియ్యమ్మ ముడి ఇంకాస్త బిగించింది.

తాయారమ్మ పని కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. వద్దంటే వియ్యపురాలికి చిన్నతనం. ఆ కోపం తిరిగి తిరిగి చిట్టి మీదే పడుతుంది. పోనీలే, పట్టుకెళ్ళండి అందామని నోరు తెరిచింది. అప్పుడు కనబడింది మెట్టు మీద కూర్చున్న ముసలి కుందేలు. ఒళ్ళంతా మంచుకి తడిసి, దగ్గుతూ, గది ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తోంది. తాయారమ్మ ఎప్పుడూ పొద్దున్నే మూట ఎత్తుకుని వెళ్ళిపోయేది. తన తరవాత ఆ గదిలో ఎవరు పడుకుంటారో ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. తను గొంగడి తీసుకెళ్ళిన రోజు ఏ ముసలిప్రాణం ఆ చెక్క మీద వణుకుతూ పడుకుందో అనుకునేసరికి ఆ మాట మింగేసి వియ్యపురాలి వైపు తిరిగింది.

"వదినగారూ, తప్పుగా అనుకోకండి," అంది మెల్లగా. "పొట్లాలు మీవి. కావాలంటే అన్నని అడిగి ఇంకో రెండు ఇప్పిస్తాను. గొంగడి, దిండు, చెంబు మాత్రం గదివి. ఇచ్చేశాక నావి కూడా కావు. రాత్రి మీకు వెచ్చగా ఉందంటే, మీ ముందువాళ్ళు వదిలిపెట్టి వెళ్ళబట్టే కదా."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. అచ్చియ్యమ్మ మెట్టు మీద కుందేలుని చూసింది, మూటని చూసింది, కోడలిని చూసింది.

"మీరు చెప్పింది న్యాయమే," అని అచ్చియ్యమ్మ కూర్చుని ముడి విప్పడం మొదలుపెట్టింది. "నిజం చెప్పొద్దూ వదినగారూ, మావైపు లాడ్జివాళ్ళ అద్దం ఒకటి మా ఇంట్లో ఉంది. బొట్టు పెట్టుకుందామని చూసినప్పుడల్లా అందులో ఎవరో నా వంక గుర్రుగా చూస్తున్నట్టుంటుంది. దారిలోనే కదా, వెళ్ళి ఇచ్చేస్తాను. ఎవరైనా ఇలా మంచిగా చెప్తే వినకపోదునా?"

వియ్యపురాళ్ళిద్దరూ కలిసి గొంగడి దులిపి పడక మీద పరిచారు. కుందేలు లోపలికి వెళ్ళి ముసుగుతన్నింది. అచ్చియ్యమ్మ పొట్లాలు మాత్రం మూటగట్టుకుని, "మీ అమ్మ మాటకారే కాదు, మనిషి కూడా గట్టిది," అని కోడలి బుగ్గ పుణికి బయలుదేరింది.

చిట్టిని ముందు పంపించి తాయారమ్మ గేటు దగ్గర నిలబడిపోయింది.

"నీకు మొదటినుంచీ తెలుసా అన్నా?"

"ఆ ఎర్రదారం నా మెడపట్టెడలోది చెల్లెమ్మా. కాడి విప్పిన రోజున నాకు మిగిలింది అదొక్కటే. గిజిగాణ్ణి బతిమాలి దాంతో కుట్టించాను."

తాయారమ్మకి కన్నీళ్ళాగలేదు. "మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే గొంగడి వచ్చేది. నువ్వు మళ్ళీ వచ్చేదానివి కాదు," అన్నాడు గంగన్న.

ఇప్పటికీ తాయారమ్మ సంతకి వెళ్తూ ఆ గదిలోనే దిగుతుంది. తెల్లవారి గొంగడి మడతపెట్టేటప్పుడు చేతులు కాస్త దురదపెట్టే మాట నిజమే. అప్పుడు రెండు కుంకుడుకాయలు గట్టిగా పట్టుకుంటుంది. కొత్తగా వచ్చిన ఉడతో ముంగిసో చెంబు వంక అదోలా చూస్తే, గంగన్న తను వాళ్ళకి బుద్ధులు చెప్పడు. "దానకర్త ఆవిడే, ఏదైనా ఆవిడ్ని అడగండి," అని తాయారమ్మ వైపు చూపిస్తాడు. వాళ్ళందరికీ ఆవిడ చెప్పే మాట ఒకటే.

వాడితే అరిగిపోయేది అతిథిది, వాడినా మిగిలేది తరవాతి అతిథిది.