పూలి పెట్టిన మొదటి పచ్చసొన గుడ్డు

ఒకప్పుడు కోడిగుడ్డులో పచ్చసొన ఉండేది కాదు. పగలగొడితే పల్చటి తెల్లసొన, అంతే. నమ్మరా? నమ్మకపోతే మానండి, కథ మాత్రం వినండి.

ఆ రోజుల్లో కోళ్లకు ఒక నియమం ఉండేది. కడుపులో గుడ్డు పడ్డ పెట్ట ఊక తప్ప ఇంకేమీ ముట్టకూడదు. గింజ తినకూడదు, పురుగు తినకూడదు, ఆకు కొరకకూడదు.

"తింటే గుడ్డు లావైపోతుంది. లావైతే అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగితే పెట్ట చస్తుంది" అనేది బూడిదవ్వ. బూడిదవ్వ అంటే ఆ మందలో అందరికంటే పెద్ద కోడి. ఎనిమిదిసార్లు పొదిగింది. ఆమె మాట కాదనే ధైర్యం పుంజులకు కూడా లేదు. పుంజులు మాత్రం పూటపూటా గింజలు మెక్కేవి. వాటికి నియమం లేదు కదా మరి!

పూలి కొత్త పెట్ట. ఒళ్లంతా తెల్లచుక్కలు. కడుపులో గుడ్లు పడ్డాక, ఆకలికి కళ్లు తిరుగుతున్నా నోరు మూసుకుని ఊక తింది. ఆరు గుడ్లు పెట్టి పొదిగింది. ఆరు పిల్లలు వచ్చాయి. ఎంత ముద్దుగా ఉన్నాయో! పూలి వాటిని చూసుకుంటూ ఆకలి సంగతే మరిచిపోయింది.

మూడో రోజు గద్ద నీడ పడింది.

"పరిగెత్తండి! నా రెక్కల కిందికి రండి!" అని పూలి గొంతు చించుకుంది.

ఒక్కటీ రాలేదు. ఒక పిల్ల నోట్లో గింజ పెట్టుకుని, దాన్ని ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడింది. ఇంకొకటి నీడను చూసి అమ్మే అనుకుంది. గద్ద నేలమీద వాలితే, తిన్నగా నడిచి వెళ్లి దాని గోళ్ల మధ్య కూర్చుంది.

గద్దే నివ్వెరపోయింది. "ఇదేం వింత! నేను వేటకు వచ్చానా, విందుకు వచ్చానా? పారిపోదేం ఇది?" అంది. కానీ గద్ద గద్దే కదా, ఎత్తుకుపోయింది. సాయంత్రానికి ఆరు పిల్లలూ పోయాయి.

పూలి బూడిదవ్వ దగ్గరికి వెళ్లింది. "నా గొంతు కూడా గుర్తుపట్టలేదవ్వా" అంది.

"మన పిల్లలంతేనే, పూలీ. పుట్టుకతోనే మొద్దులు. నావీ అట్లాగే పోయినాయి" అని బూడిదవ్వ పక్కకు తిరిగి ముక్కు తుడుచుకుంది.

మళ్లీ పూలి కడుపులో గుడ్లు పడ్డాయి. మళ్లీ ఊకే. మొదటి గుడ్డు పెట్టగానే అది దొర్లిపోయి రాయికి తగిలి పగిలింది. కిందనున్న నేల దాన్ని రుచి చూసి, తూ అని ఉమ్మేసింది.

"ఏందే పిల్లా, ఉత్త నీళ్లు పెట్టినావు! లోపల బిడ్డకు తిండేది?"

"పిల్ల బయటికొచ్చాక పెడతాను కదమ్మా" అంది పూలి.

"బయటికొచ్చాకా? మరి లోపల ఇరవై ఒక్క రోజులు?"

"లోపల ఏముంది? నిద్రపోతుంది."

"నిద్రా!" నేల అదిరిపడింది. ఆ అదురుకి ఊకకుప్ప జారిపోయింది. "లోపల దానికి తీరికెక్కడిదే? కన్ను కట్టుకోవాలి, కాలు కట్టుకోవాలి, తలలో తెలివి కట్టుకోవాలి. అమ్మ గొంతు గుర్తుపట్టే తెలివి, గద్ద నీడ చూసి పరిగెత్తే తెలివి, అంతా అక్కడే మొదలవుతుంది. దేంతో కట్టుకుంటుంది? నువ్వు తిన్నదే కదా దానికి దక్కేది. నువ్వు తిన్నది ఊక!"

పూలికి గింజ నోట్లో పెట్టుకుని నిలబడ్డ పిల్ల కళ్లముందు మెదిలింది. అయితే అవి మొద్దులు కావా? ఆకలితో ఉన్నాయా? పుట్టకముందు నుంచే ఆకలితో ఉన్నాయా?

"నాకెవరూ చెప్పలేదే!" అని బావురుమంది.

"తప్పు నీది కాదులే. ఏడ్చింది చాలు, నన్ను గీరు" అంది నేల.

పూలి గీరింది. మట్టిలోంచి చెదలు వచ్చాయి, తింది. జొన్నగింజలు దొరికాయి, తింది. నత్తగుల్లలు కొరికింది. మడిలో దూరి తోటకూర పీకింది. మంద మందంతా కొయ్యబారిపోయి చూసింది.

"ఒసే ఒసే! కడుపుతో ఉండి పురుగులు తింటున్నావేందే! చస్తావే!" అంటూ బూడిదవ్వ రెక్కలు కొట్టుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

పూలికి భయం లేదనుకోకండి. "చస్తే చస్తాను అవ్వా. ఇంకో పిల్లను గద్ద గోళ్లలోకి నడవనివ్వను" అంది. వణుకుతూనే ఇంకో చెదను మింగింది.

మర్నాడు పూలి గంపలో కూర్చుంది. గుడ్డు నిజంగానే పెద్దది. నొప్పికి పూలి కళ్లు తేలేసింది. "చెప్పినానా!" అని బూడిదవ్వ గోడకు ఆనుకుని ఏడుపందుకుంది. అంతలో గుడ్డు జారింది. పూలి చచ్చిపోలేదు! ఆ సంగతి ముందు పూలికే నమ్మశక్యం కాలేదు. గంపలోంచి దూకి "బతికాను! బతికాను! కెక్కెక్కే!" అని ఊరంతా వినపడేలా అరిచింది.

గుడ్డుని ఎండకు చూస్తే లోపల ఏదో పచ్చగా, గుండ్రంగా ఉంది. కోళ్లన్నీ బిత్తరపోయాయి. "చెడిపోయింది, పారెయ్" అన్నాయి. పూలి పారెయ్యలేదు, దానిమీదే కూర్చుంది. ఇరవై ఒకటో రోజు పిల్ల వచ్చింది. వచ్చీ రాగానే అమ్మ ముఖంలోకి చూసింది. ఆ చూపుకే పూలికి ఏడుపొచ్చింది.

మళ్లీ గద్ద నీడ పడింది. పూలి ఇంకా నోరు పూర్తిగా తెరవనేలేదు. పిల్ల రెక్క కిందికి దూరిపోయింది! గద్ద విసురుగా వచ్చి ఉత్త మట్టిని పట్టుకుంది. "అదెక్కడ నేర్చుకుంది?" అని తెల్లబోయి, గోళ్లు దులుపుకుంటూ ఎగిరిపోయింది.

కోళ్లన్నీ కేరింతలు కొట్టాయి. బూడిదవ్వ మాత్రం కదల్లేదు.

"ఎనిమిదిసార్లు పొదిగినాను" అంది నెమ్మదిగా. "ఎన్ని పిల్లలే, పూలీ... అన్నీ ఇట్లాగే పరిగెత్తి ఉండేవా?"

పూలి దగ్గరికెళ్లి అవ్వను ఆనుకుని నిలబడింది.

కాసేపటికి బూడిదవ్వ లేచింది. ఆమె ఇక గుడ్లు పెట్టే కోడి కాదు, ఆమెకు ఆకలీ లేదు. అయినా వంకరపోయిన కాళ్లతో నేలను గీరడం మొదలుపెట్టింది. ఒక పురుగు దొరికింది. దాన్ని తినలేదు. "కొక్ కొక్, కడుపుతో ఉన్నవాళ్లు ముందు రండే, తినండే" అని పిలిచింది.

అప్పటినుంచే కోడిగుడ్డులో పచ్చసొన ఉంటోంది. గుడ్డు పెట్టిన పెట్ట బతికానని ఊరంతా చాటుకుంటోంది. కడుపు నిండిన కోడి కూడా పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేలను గీరుతూనే ఉంటోంది. ఆ రోజు బూడిదవ్వ మొదలుపెట్టిన గీరుడు ఇంకా ఆగలేదు.